గోడకు అటు సాయం, ఇటు అప్పు: మెటియాబ్రుజ్‌లో కనిపించే విదేశీ నిధుల లెక్క

2025 మే నెలలో కోల్‌కతాలోని ప్రభుత్వ రంగ నౌకా నిర్మాణ సంస్థ గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అండ్ ఇంజనీర్స్ (జీఆర్ఎస్ఈ) స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఒక చిన్న సమాచారం పంపింది. సముద్రంలో తిరిగే టగ్ నౌక (పెద్ద ఓడలను లాగే నౌక) కోసం బంగ్లాదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఆర్డరు రద్దయిందన్నది అందులోని సారాంశం. ఆర్డరు విలువ సుమారు 2.1 కోట్ల డాలర్లు. రూపాయల్లో దాదాపు 180 కోట్లు.

ఒప్పందం మీద సంతకాలైంది 2024 జులై 1న. ఐదు వారాలకే ఢాకాలో షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయింది. అందుకే ఈ రద్దును అందరూ రెండు దేశాల మధ్య చెడిన సంబంధాలకు గుర్తుగానే చూశారు. అది నిజమే. అయితే ఆ వార్తల్లో పెద్దగా కనిపించని ప్రశ్న ఒకటుంది. ఆ టగ్ కొనడానికి డబ్బు ఎవరు పెట్టాల్సి ఉంది?

భారతదేశమే. రక్షణ కొనుగోళ్ల కోసం బంగ్లాదేశ్‌కు ఇస్తామన్న 50 కోట్ల డాలర్ల రుణంలోంచే ఆ టగ్‌కు చెల్లింపు జరగాలి. అంటే అప్పు ఇచ్చేది భారత్, నౌక కట్టేది భారత్, ఆ డబ్బు అందుకునేదీ భారత్‌లోని కంపెనీయే. బంగ్లాదేశ్‌కు నౌక వస్తుంది, దాంతోపాటు తీర్చాల్సిన బాకీ వస్తుంది.

విదేశీ సాయం అనే మాట వెనక డబ్బు నిజంగా ఎలా తిరుగుతుందో చూడాలంటే ఆ షిప్‌యార్డ్ ఉన్న పేట కన్నా మంచి చోటు దొరకడం కష్టం. ఎందుకంటే ఆ యార్డు గోడకు ఇవతలి వీధులు ఉన్న నగరం కూడా విదేశీ సంస్థల దగ్గర అప్పు తీసుకుంది. ఓడల కోసం కాదు, మురుగు కాలువల కోసం.

మట్టి బురుజు

ఆ పేట పేరు మెటియాబ్రుజ్. మట్టి బురుజు అన్న మాటే అలా మారింది. తెలుగువారికి అనువాదం అక్కర్లేని పేరు. హుగ్లీ నది ఒడ్డున, కోల్‌కతా నగరానికి నైరుతి అంచున, గార్డెన్ రీచ్‌ను ఆనుకుని ఉంటుంది. రెండు పేర్లనూ ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటారు.

గార్డెన్ రీచ్ పేరు ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు బాగా తెలుసు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ బదిలీలకైనా ప్రమోషన్లకైనా కాగితం గార్డెన్ రీచ్ నుంచే రావాల్సి వచ్చేది.

బ్రిటిష్ వారు అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాక, 1856లో నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడింది ఇక్కడే. ఏడాదికి 12 లక్షల రూపాయల పింఛనుతో 1887లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. అప్పుల కథలో ఆయన వంశానికీ ఒక చోటుంది. బర్మా యుద్ధం ఖర్చుల కోసం 1825లో ఈస్టిండియా కంపెనీకి కోటి రూపాయలు అప్పిచ్చింది అవధ్ పాలకుడు గాజీ ఉద్దీన్ హైదరే. అసలు ఎప్పటికీ తిరిగి ఇవ్వనక్కర్లేదు, వడ్డీ మాత్రం కడుతూ ఉండాలన్నది షరతు. అప్పు పుచ్చుకున్నవాడు రాజ్యం తీసుకున్నాడు, అప్పిచ్చిన వంశం పింఛనుదారుగా ఈ నది ఒడ్డుకు చేరింది.

ఇప్పటి మెటియాబ్రుజ్ కుట్టు మిషన్ల పేట. ఇరుకు సందుల్లోని ఇళ్లలో, షెడ్లలో పిల్లల దుస్తుల నుంచి జీన్స్ దాకా రెడీమేడ్ బట్టలు తయారవుతాయి. ఈ పని చేయించే దర్జీ మేస్త్రీలను స్థానికంగా ఓస్తాగర్లు అంటారు. ఇక్కడి సరుకు దేశమంతా వెళ్తుంది. అదే నది ఒడ్డున జీఆర్ఎస్ఈ డాక్‌లు ఉన్నాయి. 1884లో చిన్న మరమ్మతు కార్ఖానాగా మొదలైన ఈ సంస్థను 1960లో కేంద్ర ప్రభుత్వం తీసుకుంది.

ఓడ వెళ్తుంది, డబ్బు వెళ్లదు

2014 డిసెంబరులో ఈ యార్డు ‘బారకూడా’ అనే గస్తీ నౌకను మారిషస్‌కు అప్పగించింది. భారతీయ షిప్‌యార్డు ఎగుమతి చేసిన మొదటి యుద్ధనౌక ఇదే. 2015 మార్చి 12న పోర్ట్ లూయిస్‌లో ప్రధాని మోదీ చేతుల మీదుగా అది మారిషస్ సేవలో చేరింది. కోరంగి, విశాఖ తీరాల నుంచి 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా వెళ్లిన తెలుగువారి వారసులు ఉన్న దేశమది.

నౌక ఖరీదు 5.85 కోట్ల డాలర్లు. అందులో కోటి డాలర్లు భారత ప్రభుత్వం గ్రాంటుగా ఇచ్చింది, అంటే తిరిగి కట్టనక్కర్లేదు. మిగిలిన 4.85 కోట్ల డాలర్లు భారత ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చిన లైన్ ఆఫ్ క్రెడిట్, అంటే రుణ సదుపాయం.

ఈ లైన్ ఆఫ్ క్రెడిట్ అనేదే సరిగ్గా అర్థం చేసుకోవాల్సిన సంగతి. ‘ఫలానా దేశానికి భారత్ 50 కోట్ల డాలర్లు ఇచ్చింది’ అని చదివినప్పుడు అంత డబ్బూ ఆ దేశం ఖజానాకు చేరిందనుకుంటాం. అలా జరగదు. ఎగ్జిమ్ బ్యాంకు ఆ దేశ ప్రభుత్వంతో ఒక పరిమితి మీద ఒప్పందం చేసుకుంటుంది. ఆ దేశం ఒక పనిని ఎంచుకుంటుంది, భారత ప్రభుత్వం ఆమోదిస్తుంది, భారతీయ కంపెనీకి కాంట్రాక్టు దక్కుతుంది. కంపెనీ సరుకు పంపి కాగితాలు చూపిస్తే ఎగ్జిమ్ బ్యాంకు దానికి ఇక్కడే చెల్లిస్తుంది. ఆ దేశం పేరున బాకీ నమోదవుతుంది. తర్వాత ఏళ్ల తరబడి వడ్డీతో వాయిదాలు కట్టాల్సింది ఆ దేశమే.

బ్యాంకు ఆ డబ్బును మార్కెట్లో అప్పు తెచ్చి ఇస్తుంది. తక్కువ వడ్డీకి ఇవ్వడం వల్ల పడే తేడాను కేంద్ర బడ్జెట్ భరిస్తుంది, పూచీ కూడా కేంద్రానిదే. కాబట్టి ఇందులో భారత పన్ను చెల్లింపుదారుల వాటా లేకపోలేదు. కానీ అది ప్రకటించిన మొత్తం కాదు, ఆ వడ్డీ తేడా, దానితోపాటు బాకీ ఎగవేస్తే మీద పడే భారం.

ఐడియాస్ అనే పథకం కింద నడిచే ఈ రుణాలకు ముఖ్యమైన నిబంధన ఒకటుంది. కాంట్రాక్టు విలువలో సాధారణంగా 75 శాతం సరుకులు, సేవలు భారత్ నుంచే కొనాలి. సివిల్ పనులు ఎక్కువగా ఉన్న ప్రాజెక్టులకు కొంత సడలింపు ఇస్తారు. ఇలా అప్పిచ్చినవాడి దగ్గరే కొనాలనే షరతున్న సాయం కొత్తదేమీ కాదు. జపాన్, చైనా, ఒకప్పుడు బ్రిటన్, అమెరికా అందరూ చేసిందే. తన దగ్గర అప్పు తెచ్చుకునే దేశాలు తన ఓడలే కొనాలని షరతు పెట్టే స్థాయికి భారత్ చేరిందన్నదే ఇందులో కొత్త.

ఆ మలుపుకు తేదీ ఉంది. 2003 ఫిబ్రవరి బడ్జెట్లో అప్పటి ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ చిన్న చిన్న దాత దేశాల నుంచి ఇక ద్వైపాక్షిక సాయం తీసుకోబోమని, ఇతర వర్ధమాన దేశాలకు భారత్ తోడ్పడుతుందని ప్రకటించారు. ఐడియాస్‌కు పునాది అక్కడే పడింది. బ్రిటన్ కూడా భారత్‌కు ఇచ్చే గ్రాంట్లను 2015 నాటికి ముగిస్తామని 2012లో చెప్పింది.

అన్ని ఓడలూ అప్పు మీదే వెళ్లలేదు. 2021 ఏప్రిల్‌లో సీషెల్స్‌కు అందిన ‘జొరాస్టర్’ గస్తీ నౌక పూర్తిగా కానుక. దక్షిణ అమెరికాలోని గయానాకు 2023లో చేరిన ‘మా లీషా’ ప్రయాణికుల, సరకుల నౌకకు ఎగ్జిమ్ రుణం తోడైంది. అది యుద్ధనౌక కాదు. రోడ్డు మార్గం లేని వాయవ్య ప్రాంతపు జనం రాజధానికి వచ్చిపోయేందుకు ఉద్దేశించినది. ఒకే యార్డు, మూడు రకాల లెక్కలు: పూర్తి కానుక, అప్పూ కానుకా కలిసినది, పూర్తి అప్పు. వార్తల్లో మాత్రం మూడింటికీ ఒకటే మాట, సాయం.

ప్రకటించింది వేరు, అందింది వేరు. బంగ్లాదేశ్ విషయమే చూడండి. 2010లో 100 కోట్ల డాలర్లు ప్రకటించారు. తర్వాత అందులో 20 కోట్లను గ్రాంటుగా మార్చారు. 2016లో 200 కోట్లు, 2017లో 450 కోట్లు. వడ్డీ ఒక శాతమే, గడువు 20 ఏళ్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ భూసేకరణ ఆలస్యం, భారత్ నుంచే కొనాలన్న షరతు, రెండు దేశాల్లో పేరుకున్న ఆమోదాల వల్ల విడుదలైంది కొంత భాగమే. రక్షణ రుణం కథ ఇంకా నెమ్మది. 50 కోట్ల డాలర్ల అవగాహన 2017 నాటిది. దాని కింద కుదిరిన మొదటి పెద్ద ఒప్పందంగా చెప్పిన టగ్ ఆర్డరు ఏడేళ్ల తర్వాత వచ్చి, ఏడాది తిరగకుండానే పోయింది. వేల కోట్ల ఆర్డర్లు చేతిలో ఉన్న జీఆర్ఎస్ఈకి 180 కోట్లు పెద్ద దెబ్బ కాదు. ఇలాంటి రుణాలు ఎంత తేలిగ్గా కాగితం మీదే ఆగిపోతాయో మాత్రం అది చూపించింది.

ఇక గోడకు ఇటువైపు

గార్డెన్ రీచ్ ఒకప్పుడు విడి మునిసిపాలిటీ. 1984లో జాదవ్‌పూర్, సౌత్ సబర్బన్‌లతో పాటు దీన్ని కలకత్తా కార్పొరేషన్‌లో కలిపారు. పాత నగరానికి బ్రిటిష్ కాలం నుంచే భూగర్భ మురుగు వ్యవస్థ ఉంది. కొత్తగా కలిసిన ప్రాంతాలకు దాదాపు లేదు. పల్లపు నేల, పూడ్చేసిన చెరువులు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని లేచిన భవనాలు. వాన పడితే నీళ్లు నిలవడం మామూలు. 2024 మార్చిలో గార్డెన్ రీచ్‌లో అనుమతి లేకుండా కడుతున్న ఐదంతస్తుల భవనం పక్క గుడిసెల మీద కూలి పది మందికి పైగా చనిపోయినప్పుడు, ఇక్కడ నేల ఎంత ఇరుకైందో దేశమంతా చూసింది.

కలకత్తాకు విదేశీ అప్పు కొత్త కాదు. 1970ల నుంచీ ప్రపంచ బ్యాంకు నగరాభివృద్ధి రుణాలు ఇస్తూ వచ్చింది. బస్తీలకు కొళాయిలు, మరుగుదొడ్లు, వీధి దీపాలు తెచ్చిన పనుల్లో ఆ డబ్బుంది. కానీ శివారు ప్రాంతాల మురుగును పెద్ద ఎత్తున పట్టించుకున్న రుణం 2000 డిసెంబరులో ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) ఆమోదించినదే: కలకత్తా పర్యావరణ మెరుగుదల ప్రాజెక్టు, రుణం నంబరు 1813, మొత్తం 25 కోట్ల డాలర్లు. అది చాలక 2006లో మరో 8 కోట్లు ఇచ్చారు. 2013లో రెండో కార్యక్రమం కింద విడతలవారీగా 40 కోట్ల డాలర్ల దాకా ఇచ్చేందుకు ఏడీబీ ఒప్పుకుంది. గార్డెన్ రీచ్ నీటి శుద్ధి కేంద్రం నుంచి తారాతలా వైపు వెళ్లే పెద్ద పైపులైను ఈ రెండో కార్యక్రమంలోనిదే.

ఈ డబ్బుతో మ్యాన్‌హోళ్లు, పంపింగ్ స్టేషన్లు వచ్చాయి, కాలువల్లో పూడిక తీశారు. నగర శివారుల్లో ఆ కాలువ గట్లనే ఇళ్లు చేసుకున్న వేల కుటుంబాలను ఖాళీ చేయించి నోనాడాంగా లాంటి చోట్ల నాలుగంతస్తుల ఫ్లాట్లలోకి తరలించారు. పక్కా ఇల్లు దొరికింది. కానీ పనిమనుషులుగా, రిక్షా తొక్కేవారిగా బతికేవారికి పని చోటు దూరమైంది. ప్రాజెక్టు ఖర్చుల పట్టికలో ఈ దూరానికి గడి లేదు.

ఏడీబీ విషయంలో ఒక విచిత్రం ఉంది. 1966లో ఆ బ్యాంకును స్థాపించిన దేశాల్లో భారత్ ఒకటి, ఇప్పుడు దాని పెద్ద వాటాదారుల్లో ఒకటి. అప్పు తీసుకునే వరసలోనూ ముందే ఉంటుంది. అంటే మెటియాబ్రుజ్‌లో కనిపించే రెండు ముఖాలు ఢిల్లీకీ ఉన్నాయి.

అప్పు ఎవరి మెడకు?

ఏడీబీ రుణం నేరుగా కోల్‌కతా కార్పొరేషన్‌కు రాదు. సంతకం చేసేది కేంద్ర ప్రభుత్వం. అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి కార్పొరేషన్‌కు. మధ్యలో షరతులు ఎలా మారతాయన్నదే అసలు సంగతి.

2005కు ముందు విదేశీ రుణాన్ని కేంద్రం చాలా రాష్ట్రాలకు 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా, రూపాయల్లో, తన సొంత వడ్డీ రేటుకు ఇచ్చేది. డాలరు పెరిగితే ఆ నష్టం కేంద్రానిది. పన్నెండో ఆర్థిక సంఘం సిఫార్సు తర్వాత ఇది మారింది. బయటి బ్యాంకు ఏ షరతుల మీద ఇస్తే అవే షరతులతో రాష్ట్రానికి దాటిస్తారు. వడ్డీ తక్కువే. కానీ డాలరు పెరిగితే ఆ భారం రాష్ట్రానిదే. పది కోట్ల డాలర్ల అసలును డాలరు 60 రూపాయలున్నప్పుడు తెచ్చుకుంటే 600 కోట్లు. 85 రూపాయలున్నప్పుడు తీర్చాలంటే 850 కోట్లు. ఇరవై ఏళ్లకు పైగా సాగే అప్పుల్లో ఈ తేడా చిన్నది కాదు.

కార్పొరేషన్ దగ్గర తీర్చడానికి ఏముంది? నీళ్లకు, మురుగుకు జనం నుంచి ఖర్చు రాబట్టాలని అప్పిచ్చే బ్యాంకులు పట్టుబడుతూనే ఉంటాయి. కోల్‌కతాలో మామూలు ఇళ్ల మీద నీటి చార్జీ వేయకూడదన్నది రాజకీయంగా గట్టి మాట. మెటియాబ్రుజ్ లాంటి పేటలో ఇంటికో మీటరు పెట్టి బిల్లు పంపడమంటే గజాల లెక్కన, ముక్కల లెక్కన కూలి తీసుకునే ఇళ్ల మీద కొత్త ఖర్చు వేయడమే. చార్జీ వేయకపోతే బాకీ రాష్ట్ర బడ్జెట్ నుంచి తీరాలి. అంటే కొళాయే లేని ఊరివాడు కట్టిన పన్ను కూడా అందులోకి వెళ్తుంది. ఈ రెండింటిలో ఏది న్యాయమో అప్పు పత్రం చెప్పదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ లెక్క దూరమైనదేమీ కాదు. ప్రత్యేక హోదా గొడవ నడిచిన రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో ‘ఈఏపీ’ అనే మాట అందరి నోటా వినిపించింది. ఈఏపీ అంటే విదేశీ సంస్థల రుణంతో నడిచే ప్రాజెక్టు. ప్రత్యేక కేటగిరీ రాష్ట్రాలకు ఇలాంటి రుణంలో 90 శాతాన్ని కేంద్రం గ్రాంటుగా ఇస్తుంది. హోదా బదులు ప్యాకేజీ ఇచ్చినప్పుడు, ఆ తేడాను ఈఏపీల ద్వారానే పూడుస్తామని 2016లో కేంద్రం చెప్పింది. రాజధానికి ప్రపంచ బ్యాంకు ఇవ్వాల్సిన 30 కోట్ల డాలర్ల ప్రతిపాదన 2019 జులైలో ఆగిపోయింది. 2024 డిసెంబరులో అదే అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్లు, ఏడీబీ 78.88 కోట్ల డాలర్ల రుణాలను ఆమోదించాయి. అంతకు ముందు జులై బడ్జెట్లో 15,000 కోట్ల రూపాయలు ప్రకటించినప్పుడు, ఇది గ్రాంటా అప్పా, తీర్చేదెవరు అన్న చర్చ వారాల తరబడి సాగింది. కోల్‌కతా మురుగు కాలువల విషయంలో అడగాల్సిన ప్రశ్నా అదే. అక్కడ అంత గట్టిగా ఎవరూ అడగలేదు.

కాగితాలు ఎక్కడుంటాయి?

ఈ రంగంలో పరిశోధన చేసేవారికి మొదట ఎదురయ్యే చిక్కు, అప్పిచ్చేవారందరూ ఒకే చోట లెక్క చెప్పకపోవడం. ధనిక దేశాలు తమ సాయం వివరాలను ఓఈసీడీకి పంపుతాయి. దాని సాయం కమిటీలో భారత్ సభ్యదేశం కాదు కాబట్టి మన రుణాల సమగ్ర చిత్రం అక్కడ దొరకదు. ఎగ్జిమ్ బ్యాంకు తన రుణ సదుపాయాల జాబితాను దేశం, మొత్తం, ప్రయోజనం సహా ప్రకటిస్తుంది. అయితే ఒప్పుకున్న మొత్తాన్ని ఖర్చయిన మొత్తం అనుకోకూడదు. బాకీ నిజంగా ఎంత ఉందో తెలియాలంటే తిరగేసి చూడాలి: అప్పు తీసుకున్న దేశం ఏం చెబుతోందని. ప్రపంచ బ్యాంకు ఏటా ప్రచురించే అంతర్జాతీయ రుణ గణాంకాల్లో ఏ దేశం ఎవరికి ఎంత బాకీ ఉందో ఉంటుంది.

ఏడీబీ విషయంలో పని తేలిక. రుణం నంబరు తెలిస్తే చాలు. ఒప్పందం, పునరావాస ప్రణాళిక, ప్రాజెక్టు పూర్తయ్యాక రాసిన నివేదిక దాని వెబ్‌సైట్లో ఉంటాయి. వీటిని చదివేటప్పుడు మొదటి నివేదికలోని అంచనాను చివరి నివేదికలోని ఫలితం పక్కన పెట్టి చూడటం మంచి అలవాటు. ఎన్ని కిలోమీటర్ల పైపు వేశారన్నది ఎప్పుడూ స్పష్టంగా ఉంటుంది. ఎన్ని ఇళ్లు ఆ పైపుకు కలిశాయన్న దగ్గరే వాక్యాలు మెత్తబడతాయి. ఇంటి నుంచి వీధి పైపు దాకా కనెక్షన్ ఖర్చు ఎవరిదన్నది తేలకపోతే, కోట్ల డాలర్ల పైపు పక్కనే పాత మురుగు గుంట అలాగే ఉండిపోతుంది.

కంపెనీల పత్రాలను కూడా వదలకూడదు. దౌత్య ప్రకటనలు ఒప్పందం కుదిరినప్పుడు వస్తాయి, కుదిరింది పోయినప్పుడు రావు. జీఆర్ఎస్ఈ 2018లో స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. షేర్లు జనం చేతిలో ఉన్నాయి కాబట్టి పెద్ద ఆర్డరు వచ్చినా పోయినా చెప్పి తీరాలి. బంగ్లాదేశ్ టగ్ రద్దయిన సంగతి బయటికి తెలిసింది ఆ నిబంధన వల్లే, మెటియాబ్రుజ్ పక్కనున్న కంపెనీ పంపిన ఆ కాగితంతోనే.